మూడోసారి అడిగినంకనే వాంట్

కోరుట్ల,
29 సెప్టెంబరు 2003, సోమవారం.

దుబాయి ఎండల ఒళ్లు నల్లగయినా మనసు తెల్లగనే ఉన్న మా చెల్లె మొగుడు సంజీవ్ బావకు, కోరుట్ల బస్టాండు పక్క చాయ్ హోటల్ నుంచి శ్రీశైలం నమస్కారం వెట్టి రాయునది. మేమిక్కడ మంచిగున్నం అని రాద్దునా అంటె అబద్ధమైతది. నువ్వక్కడ ఎట్లున్నవని అడుగుదునా అంటె నువ్వు జరమొచ్చి పండుకున్నా "బాగున్న" అనే రాస్తవు. అందుకని గా రెండు లైన్లు ఇడిసిపెట్టి ముచ్చట్లకు వస్తున్న.

ముందుగాల ఒక ప్రకటన. నిలవడి చదువు.

ఇందుమూలంగ కోరుట్ల పట్టణ ప్రజలకు, ఊకెనే కూసునేటోళ్లకు, పేపరు మొత్తం చదివి చాయ్ తాగకుంట లేచిపోయేటోళ్లకు తెలియజేయునది ఏమనగా: ఈ నెల పదిహేనో తారీఖు నుంచి శ్రీశైలం హోటల్‌ల "చాయ్ తాగుతవా" అని ఒక్కసారే అడుగబడును. "వద్దు వద్దు, ఇప్పుడే ఇంట్ల తాగచ్చిన" అన్నోనికి చాయ్ ఇయ్యబడదు. రెండోసారి అడుగబడదు. "అరే, కొంచెం తాగరాదు" అని రెక్క వట్టి కూసోవెట్టుడు రద్దు చేయబడినది. కావాలెనంటె కావాలె అనవలెను. ఇట్లు, ఏడో తరగతి ఫెయిలు, తాటిచెట్టు మీదికెల్లి పడి మోకాలిరిగి, మోకు ఇడిసి చాయ్ గంటె వట్టిన శ్రీశైలం గౌడ్.

అట్టముక్క మీద సుద్దతోని రాసి గల్లపెట్టె పైన కట్టిన. మొదటిరోజే ఎల్లన్న దొరికిండు. అదే, బొంబాయి రైలెక్కాలంటె చెప్పులు కిందనే ఇడువాలె, లేకుంటె లోపలికి రానియ్యరు అని నేను చెప్తె నిజమనుకోని ఇడిసి, చెప్పులు ప్లాట్‌ఫారం మీద, తాను రైల్ల పోయిన ఎల్లన్న. చాయ్ తాగుతవా అన్న. వద్దన్నడు. సరే అని ముంగటికి పోయిన. రెండు గంటలు కూసున్నడు బావా. పక్కోని గిలాస దిక్కు చూసుడు, నా దిక్కు చూసుడు. ఆఖరికి లేచి, శ్రీశైలానికి కండ్లు నెత్తికెక్కినయని బస్టాండంత చాటిచ్చిండు. గిరాకి సగం పోయింది.

నవ్వకు. నవ్వే ముచ్చట కాదు. గీ రూలు పెట్టుకున్నది నీ మీది కోపంతోనే.

మేడిపల్లి భూమన్న, నీతోని ఒక్క రూముల మూడేండ్లు ఉన్నోడు, ఈ నెల మొదట్ల దిగిండు. సీద నా హోటల్‌కే అచ్చిండు, నువ్వు పంపిన సబ్బులు, సెంటు సీస, మీ వర్షకు బొమ్మ ఇయ్యనీకె. రేణుక గప్పుడు వెనుక రూముల బీడీలు చేస్తుండె. ఒళ్లె చాట అట్లనే పట్టుకోని ఉరికచ్చింది. మా ఆయన ఎప్పుడొస్తుండన్నా అని అడిగింది. భూమన్న మంచోడే గని, నోటికి మూత లేనోడు. ఉన్నది ఉన్నట్టు చెప్పిండు.

కాంట్రాక్టు అయిపోయినోళ్లను క్యాంపు ముంగట లైను కట్టిచ్చిండ్రట. పెద్ద మేనేజరు, లెబనాన్ ఆయనట, కుర్చీల కూసోని ఒక్కొక్కన్ని పేరు వెట్టి పిలిచి "డూ యు వాంట్ టు గో హోం" అని అడిగిండట. ఎవని మాట వాడే, వాని నోటితోనే చెప్పాలెనట. ఫోర్మన్ చెప్తె చెల్లదట. భూమన్న "ఎస్ సార్" అన్నడు, పాసుపోర్టు చేతికొచ్చింది. తర్వాత నీ వంతు. నువ్వు రెండు చేతులు కట్టుకోని, పెండ్లిపీటల మీద కూసున్నట్టు సిగ్గుపడుకుంట, "నో సార్, నో వాంట్" అన్నవట.

మేనేజరు టిక్కు కొట్టిండట. ఇంకోన్ని పిలిచిండట. నువ్వు మాత్రం అక్కడనే నిలవడి ఆయన మొఖం చూసుకుంట నవ్వుతనే ఉన్నవట, ఫోర్మన్ వచ్చి భుజం వట్టి పక్కకు జరిపేదాంక. సాయంత్రం ఇంకో రెండేండ్ల కాయితం మీద నీతోని ఏలిముద్ర లెక్క సంతకం పెట్టిచ్చుకున్నరట.

భూమన్న గిదంత చెప్పి, "ఆయనకు ఇప్పుడే రాబుద్ధి లేనట్టుంది చెల్లే" అని తన తెలివి ఒకటి పైన చల్లిండు.

రేణుక ఏడ్వలేదు. ఏడ్చినా బాగుండు. చాట కింద వెట్టింది. ఒక్కటే మాట అన్నది. నన్ను చూడనీకె వచ్చిన్నాడు మా పెద్దమనుషులందరి ముంగట, ఎవ్వలు అడుగకముందే, నాకు గీ పిల్లనే కావాలె అన్నడు. ఇప్పుడు అందరి ముంగట వాళ్లే పిలిచి అడిగినా వద్దన్నడు. గంతే అన్నది.

అది నిజమే గద బావా. నాకింకా యాదికున్నది. మా దిక్కు పిల్లను చూసినంక ఇంటికి పోయి కబురు చేస్తం అంటరు. మీ రుద్రంగి ఊరోళ్లు గూడ గట్లనే అనబోయిండ్రు. నువ్వు సకినం నములుకుంటనే నోరు తెరిచి కావాలె అన్నవు. మా అవ్వ నవ్వలేక కొంగు అడ్డం వెట్టుకున్నది. గా ఒక్క మాట మీదనే రేణుక నీతోని సిరిసిల్లల ఒక్క అర్ర ఇంట్ల ఉన్నది, బట్ట నేసే సాంచెలు బందు పడ్డనాడు బీడీలకు కూసున్నది, నిన్ను దుబాయి పంపింది. గా మాటనే నువ్వు తుడిచిపెట్టినవు.

మూడో రోజు వర్షను తీస్కోని సిరిసిల్లకు పోయింది. ఒక సాంచెల కార్ఖానల కండెలు చుడుతుంది. పోయేటప్పుడు నీ అంగీలు నాలుగు మడత వెట్టి నాకిచ్చింది. "అన్నా, నువ్వు తొడుక్కో, ఆయనకు ఇక్కడ అవసరం లేదట." నా పొట్టకు గుండీలు పడ్తలేవు. పడ్డా తొడుగను. నువ్వు ఆమె పేరు మీద రాసిన మూడు ఉత్తరాలు నా హోటల్‌ల బిస్కట్ డబ్బల వెనుక అట్లనే ఉన్నయి, ఇప్పలేదు. శుక్రారం నువ్వు ఫోన్ చేస్తె రెండు నిమిషాలు. అందుల ఒకటిన్నర నిమిషం "ఆ, వినవడ్తుందా" కే పాయె. మిగిలిన సగం నిమిషంల రేణుక ఊరికి పోయిందని చెప్పిన. గది అబద్ధం కాదు, నిజం గూడ కాదు.

ఇగ నీ ఉత్తరం, నా పేరు మీద వచ్చింది, పద్నాల్గో తారీఖు నాడు. అది చదివి నేను చాయ్‌ల చక్కెరకు బదులు ఉప్పేసిన, ఈసారి కావాలని కాదు. ఏం రాసినవు? "నోట్‌బుక్కుల ఉన్నట్టే చేసిన బావా. రెండోసారి అడుగుతడని చూసిన. అడుగలేదు. మనంతల మనమే చెప్తె తప్పయితదేమో అని ఊకున్న." ఓరి నా బావా! ముప్పై నాలుగేండ్లొచ్చినయి, పిల్ల తండ్రివి, ఎండల ఇనుపసువ్వలు వంచుతున్నవు, ఒక్క మాట నోట్లెకెల్లి తియ్యనీకె నోట్‌బుక్కు చూస్తవా? ఇల్లు అంటుకున్నా ఏడో పేజీల ఏమున్నదని చూసేటట్టున్నవు!

నోట్‌బుక్కు సంగతి నాకెర్కనే. నువ్వు పోయేముందు నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పుమంటె నేనే రాసిచ్చిన. ఏడో పేజీల గీ ముచ్చట ఉన్నది. సాబు "డూ యు వాంట్" అని అడిగితె మొదటిసారి "నో సార్" అనాలె. రెండోసారి తలకాయ దించి "నో సార్" అనాలె. మూడోసారి అడిగినంకనే "వాంట్ సార్" అనాలె. మన చుట్టాలింట్ల అన్నం కాడ ఎట్లనో, దొరల కాడ గూడ గట్లనే. మొదటిసారికే వాంట్ అన్నోనిది మూడు రోజుల జీతం కోస్తరు. గిది రాసింది నేనే గని, గీ మాట నాది కాదు. జగిత్యాలల రామస్వామి సారు చెప్పంగ రాసుకచ్చిన. రిటైరైన ఇంగ్లీషు సారు. నాకేం ఎర్క? నేను ఏడో తరగతి కాడనే ఇంగ్లీషుకు దండం వెట్టినోన్ని.

నీ ఉత్తరం పట్టుకోని మొన్న గురువారం హోటల్ బందు పెట్టి జగిత్యాల పోయిన. టవరు దాటినంక సందుల ఉంటడు సారు. బనీను మీద కూసోని భూతద్దంతోని పేపరు చదువుతుండు. చాయ్ తాగుతవా శ్రీశైలం అన్నడు. నేను మర్యాదకు వద్దు సార్ అన్న. చూస్తుండంగనే లోపలికెల్లి ఒక్క గిలాస తెప్పిచ్చుకోని, నా ముంగటనే ఊదుకుంట తాగిండు! సార్, మూడుసార్లు అడుగాలెనని మీరే కద చెప్పింది అన్న. ఆయన గిలాస కింద వెట్టి, అది రాణిగారి కాలం నాటి మర్యాద, ఇప్పుడు దొరలు గూడ మారిండ్రు అన్నడు. నేను ఇడువలేదు. మా చెల్లె సంసారం ఆగమైంది సార్, మీ ఒక్క రూలుతోని అన్న. నీ ఉత్తరం చదివి వినిపిచ్చిన. నువ్వు నవ్వుకుంట నిలవడ్డ కాడికి వచ్చేవరకు సారు కండ్లద్దాలు తీసిండు. పెద్దమనిషి, ఏడ్చిండు బావా. తప్పు నాదే, సంజీవ్‌కు నా తరుపున చెప్పు, నా మొఖం చూడబుద్ధి కాకున్నా సరే, ఇంటికైతె రమ్మను అన్నడు. లేచి వచ్చిన.

ఇది ఎల్లన్న చెప్పుల లాంటిది కాదు. ఒట్టు.

సారుతోని పని కాదని, ఇగ నేనే నేర్చుకుందామనుకున్న. సరోజన టీచర్ రోజు పొద్దుగాల మెట్‌పల్లి బస్సుకు నా హోటల్ కాడ నిలవడ్తది. టీచరమ్మా, గీ వాంట్ అనే మాట నాకు నేర్పురి, మీకు చాయ్ ఊకెనే పోస్త అన్న. వాంట్ అంటె కావాలె, గంతే అన్నది. గంత చిన్నదా అన్న. చిన్నదే గని నోట్లెకెల్లి వచ్చేటప్పుడు పెద్దగుంటది అన్నది. ఇంకో మాట గూడ చెప్పింది. మనం ఎవలన్న అడిగితె వద్దంటం, వాళ్లు ఇంకోసారి అడుగుతరని మనకెర్కనే, వాళ్లకూ ఎర్కనే. గా ఆట ఎర్క లేనోళ్ల కాడ మొదటి మాటనే ఆఖరి మాట అయితది అన్నది. నువ్వు వద్దంటె నిజంగనే వద్దేమో అని నమ్ముతరు, అది వాళ్ల మర్యాద అన్నది. నాకు మా హోటలంత తిరిగినట్టయింది.

తెల్లారి నాకు పని చెప్పింది. నీకేమేం కావాల్నో ఐదు వాక్యాలు ఇంగ్లీషుల రాయి అన్నది. తెలుగు అచ్చరాలతోనే రాసిన. ఐ వాంట్ మిల్క్. పాలోడు పొద్దుగాలనే పోసిపోయిండు. ఐ వాంట్ షుగర్. డబ్బ నిండ ఉన్నది. ఉన్నయే రాస్తున్నవేంది, లేనిది రాయి అన్నది. పెన్ను పట్టుకోని కూసున్న. నాకు మోకాలు నొస్తది, మంచి మోకాలు కావాలె అని ఇన్నేండ్లల ఎవ్వలకన్న చెప్పిన్నా? ఇంట్ల నా పెండ్లాం, మీ అక్క, బువ్వ తింటవా అంటె వద్దంట. పండుగకు కొత్త ధోతి అంటె వద్దంట. మందిని నవ్విచ్చుడు తప్ప నాకు గీ భూమ్మీద ఏం కావాల్నో నేనే ఎన్నడు అనలేదు. నలభై ఆరేండ్లల ఒక్కసారి గూడ. మస్తు సేపు గీకి గీకి మూడో వాక్యం రాసిన: ఐ వాంట్ మై బావ కం. టీచర్ ఎర్ర పెన్నుతోని నడుమ ఒక ముక్క ఇరికిచ్చింది, "టు" అని. నేనైతె వాంట్ అట, రేణుక అయితె వాంట్స్ అట. ఆమెకెందుకు ఒక అచ్చరం ఎక్కువ అన్న. ఆమెకే ఎక్కువ కావాలెనేమో అన్నది టీచర్, బస్సు రాంగ ఉరికింది. నేను గిలాసలు కడుగుకుంట ఒక్కన్నే గులిగిన, గీ వయసుల నాకు గీ గోసేంది అని.

సరే. ఇప్పుడు నీ పని విను. భూమన్న చెప్పిండు, పెద్ద మేనేజరు వచ్చే నెల ఇరవై తారీఖుకు మళ్ల క్యాంపుకు వస్తడట, కొత్త కాయితాలకు తన సంతకం పెట్టనీకె. ఆయన సంతకం పడేదాంక నీ కాయితం కాయితం కాదు. పడ్డదా, రెండేండ్లు పాయె. గీ ఉత్తరం పన్నెండు, పదమూడు రోజులల్ల నీకు అందుతది. అందినరోజు నుంచి రాత్రి పండుకునే ముందు, పొద్దుగాల లేసినంక గీ ఒక్కటే మాట అనుకో: "సార్, ఐ వాంట్ టు గో హోం." ఆయన అడిగేదాంక ఆగకు. చేతులు కట్టుకోకు. నవ్వకు, నీకు దండం పెడ్త నవ్వకు. గొంతు పెద్దగ చేసి అను. వాళ్లు ఏమన్న తిరిగి అడిగితె మళ్ల అదే అను. ఏడో పేజి చింపి పొయ్యిల వెట్టు. మా చెల్లెను చూడనీకె వచ్చిన్నాడు సకినం నములుకుంట ఎట్లన్నవో అట్ల అను. గా సంజీవ్ ఏడ పోయిండు? ఎవడు మింగిండు?

రేణుకకు నేనింకా ఏం చెప్పలేదు. చెప్పనీకె సందు దొరుకలేదు. రేషన్ కార్డుకు రేపో ఎల్లుండో వస్త అన్నది. అచ్చినంక గీ ఉత్తరం చదివి వినిపిచ్చి పోస్టు చేస్త. విన్నదంటె సమజైతది.

ఇంతే సంగతులు. నీ మీద కోపంతోని మొదలువెట్టి, కోపం తీరకముందే కాయితం అయిపోవచ్చింది.

ఇట్లు,
నీకు చాయ్ బాకీ లేని నీ బావ,
శ్రీశైలం.

తా.క.: బావా, పైన సంతకం పెట్టినంక గంటసేపాయె. రేపో ఎల్లుండో అన్న రేణుక ఇయ్యాల్లనే అచ్చింది. కూసోవెట్టి ఉత్తరం మొత్తం చదివి వినిపిచ్చిన. మొదట్ల గోడ దిక్కు చూసుకుంట కూసున్నది. రామస్వామి సారు కాడికి వచ్చేవరకు నా దిక్కు తిరిగింది. "అంటె ఆయన నన్ను వద్దనలేదా అన్నా? గా సారు చెప్పినట్టు అన్నడా?" రెండుసార్లు అడిగింది. నేను రెండుసార్లు తలకాయ ఊపిన. నెల రోజులకు మొదటిసారి ఆమె మొఖంల నెత్తురు కనవడ్డది. లేచి కొంగు నడుముకు చెక్కుకోని, బస్సు ఎన్ని గంటలకు అన్నది. సిరిసిల్లకా అన్న. కాదు, జగిత్యాలకు అన్నది. నా సంసారం ఆగం చేసిన సారు మొఖం నేను గూడ చూడాలె, ఆయన ఏడ్చిండని నువ్వు ఊకున్నవు, నేను ఊకోను, సందు చెప్పు అన్నది.

ఇప్పుడు ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల మీద కూసున్నది. నాకు ఇక్కడికెల్లి కనవడ్తుంది. పదకొండున్నరకు బస్సు. ఎండల జగిత్యాల సందులన్ని తిరుగుతది, కనవడ్డోన్నల్ల అడుగుతది. ఎవ్వలూ చెప్పలేరు. జగిత్యాలల గా సారు లేడు బావా. నేను పోయిన గురువారం ఎక్కడికి పోలేదు, హోటల్ తెరిచే ఉన్నది, ఎల్లన్న సాక్షి. రామస్వామి సారు, ఆయన భూతద్దం, ఆయన చాయ్ గిలాస, అన్నీ నేను పుట్టిచ్చినయే. ఏడో పేజి నేనే రాసిన, కల్లు మండువల కూసోని, నవ్వుకుంట. నువ్వు పోయే ముందటి రోజు మా ఇంట్ల కూర వండితె, మీ అక్క అడుగంగనే కావాలె అని, నేను దాసిపెట్టుకున్న మూలుగ బొక్క నీ పళ్లెంల ఏపిచ్చుకున్నవు. వీనికి దుబాయిల కొంచెం మర్యాద నేర్పాలె, తిరిగొచ్చినంక నవ్వుకుందం అనుకున్న. బొక్క కోసం రాసిన. నీ నోట్లె ఉన్న గా ఒక్క మంచి మాట నేనే పీకేసిన. పైన నిన్ను తిట్టినయన్ని మళ్ల ఒకసారి చదువుకో, నీ పేరున్న కాడ నా పేరు పెట్టుకోని.

సారు ఏడ్చిండని రాసింది మాత్రం జరిగింది. పద్నాల్గో తారీఖు నాడు, నీ ఉత్తరం చదివినంక, పొయ్యి వెనుక. మనిషి పేరే మార్చి రాసిన.

ఎవని మాట వాడే వాని నోటితోనే చెప్పాలె అని మీ మేనేజరు రూలు. నాతోని అయితలేదు. రేణుక ముంగటికి పోయి నోరు తెరిస్తె మళ్ల ఏదన్న జోకే వస్తదని భయం. అందుకని గీ కాయితం మడత వెట్టి, కవరు అంటియ్యకుంట, స్టాంపులేసి ఆమె చేతిల పెడ్త. కూడబలుక్కుంటనైనా చదువుతది. చదివినంక నన్ను చెప్పుతోని కొట్టినా సరే. పోస్టు డబ్బ బస్టాండు గేటు కాడనే ఉన్నది. ఎయ్యుమని నేను అడుగను, ఒక్కసారి గూడ అడుగను. ఆమెకు నువ్వు వద్దంటె చింపేస్తది. ఇది నీ చేతికి వచ్చిందంటె మాత్రం, బావా, ఎవ్వలు అడుగకముందే ఆమె నువ్వు కావాలె అన్నట్టే.

బస్సు హారన్ కొడుతుంది. పోతున్న.